సగంలో వదిలిన కొలత

ఆదోని,
మార్చి 9

మల్లేశ్వరి వదినకు,

ఇక్కడ నేనూ నా కుట్టు మిషనూ బాగానే ఉన్నాం. అక్కడ నువ్వూ, మా అన్నా, నీ ఎడమ భుజం కింద కొత్తగా కాపురం పెట్టిన ఆ మనిషీ బాగున్నారని అనుకుంటాను.

నాలుగు రోజులుగా నీ ఫోను మోగి మోగి ఆగిపోతుంటే భయపడి మా అన్నకు చేశాను. ఆయన గొంతు తగ్గించి, "ఫోను బియ్యం డబ్బాలో పెట్టి మూత బిగించిందమ్మా. అది మోగితే వంటింట్లోకి గూడా పోదు" అన్నాడు. డాక్టరు చెప్పింది ఫోనును నీ గుండె మిషనుకు జానెడు దూరంలో ఉంచమని, కుడి చెవి దగ్గర పెట్టుకొని మాట్లాడమని. ఆ జానెడును నువ్వు ఎమ్మిగనూరు నుంచి ఆదోని దాకా సాగదీశావు. నీ పుణ్యమా అని ఇరవై ఏళ్ళ తర్వాత పెన్ను పట్టాను. అక్షరదోషాలు వెతికి మా అన్నకు చదివి వినిపించొద్దు.

డిసెంబరులో నీకు ఆ మిషను పెట్టినప్పుడు కర్నూలు డాక్టరు చెప్పిన మాట నాకింకా గుర్తుంది. గుండె దారి తప్పి పరుగు పెడితే షాకు ఇచ్చి మళ్ళీ దారిలో పెడుతుందన్నాడు. అంటే మన వీధి లైన్‌మన్ చేసే పనే. కరెంటు పోయినప్పుడు స్తంభమెక్కి బాగుచేసి దిగుతాడు, మిగతా రోజులు ఎక్కడో బీడీ కాల్చుకుంటూ ఉంటాడు. ఇకనుంచి ఆయన్ని లైన్‌మన్ అనే పిలుస్తాను. పోయిన నెల మా ఇంట్లో ఆయన ఒకసారి స్తంభమెక్కిన మాట నిజమే. గుర్రం తన్నినట్టుందన్నావు. తన్నాడు, బతికించాడు కదా. అత్తగారింట్లో మనం ఊరికే తిన్న మాటలతో పోలిస్తే ఇది నయం.

నీ కోసం జాకెట్టు కుట్టి పంపుతున్నాను. ఎడమ భుజం దగ్గర ఆ ఉబ్బు మీద ఒరుసుకోకుండా లోపల మెత్తటి నూలు గుడ్డ వేశాను. వేసుకొని చూసి ఎలా ఉందో రాయి. ఇంకొక్క మాట, మీ ఇంట్లో అందరూ రబ్బరు చెప్పులు వేసుకొని తిరుగుతున్నారట. ఎందుకో చెప్పమంటే అన్న మాట దాటేశాడు.

నీ ఆడబిడ్డ,
ఉరుకుందమ్మ

*

ఎమ్మిగనూరు,
మార్చి 18

ఉరుకుందకు,

జాకెట్టు అందింది. కుడి చెయ్యి దూరింది. ఎడమ చెయ్యి సగం దూరి ఆగిపోయింది. నేను లోపలికీ పోలేక బయటికీ రాలేక అరగంట నిలబడ్డాను. చివరికి కత్తెరతో విడిపించుకున్నాను. కొలత లేకుండా కుడితే ఇట్లాగే ఉంటుంది. ఆ రోజు నువ్వు నా చేతి కొలత తీస్తుండగానే కదా లైన్‌మన్ లేచింది. మిగతా సగం నువ్వు ఊహించుకొని కుట్టావని తెలిసిపోతోంది. ఆడలేక మద్దెల ఓడన్నట్టు, నా చెయ్యి లావైందని మాత్రం రాయొద్దు.

చెప్పుల సంగతి అడిగావు. అది నేనే పెట్టిన పద్ధతి. నేను కేకవేసి పడిపోతే ఎవరూ నన్ను ముట్టుకోవద్దని మీ అన్నకు చెప్పాను. కరెంటు పట్టిన మనిషిని ముట్టుకోకూడదని చిన్నపిల్లలకు కూడా తెలుసు. మగ్గం దగ్గరుండే వెదురు కట్టె ఒకటి తెచ్చి తలుపు వెనక పెట్టుకున్నాడు, అవసరమైతే దాంతో జరపడానికి. అన్నం పళ్ళెం ఇచ్చేటప్పుడు కూడా చెప్పులేసుకొని వస్తాడు. నేను కొయ్యపీట మీద తప్ప కూర్చోను. నవ్వుకో, నవ్వుకో.

డాక్టరు ఏమీ కాదన్నాడని నువ్వు అంటావు. ఆయన మంచివాడే. కానీ అది కొట్టినప్పుడు నా చెయ్యి ఆయన చేతిలో లేదు కదా. తెలిసినవాళ్ళకు తెలుసు.

నిజం చెప్పనా ఉరుకుందా, పొద్దున లేచి కాళ్ళు నేల మీద పెట్టాలంటే భయం. బిందె ఎత్తాలంటే భయం. వీధిలో ఎవరైనా గట్టిగా పిలిస్తే ముందు చెయ్యి అక్కడికే పోతుంది. నవ్వితే గుండె వేగం పెరుగుతుందని నవ్వు కూడా ఆపుకుంటున్నాను. నీ ఉత్తరం చదువుతూ రెండుసార్లు ఆపుకున్నాను, కాబట్టి ఈసారి కొంచెం తగ్గించి రాయి.

మే నెలలో కవిత ఆలూరు నుంచి పురిటికి వస్తోంది. ఈ వీధిలో ముప్పై మంది పసిబిడ్డలకు నా కాళ్ళ మీద వేసుకొని నీళ్ళు పోశాను. ఇప్పుడు నా కూతురి బిడ్డకు పోయలేను. ఒళ్ళో బిడ్డ, చేతిలో నీళ్ళు, లోపల లైన్‌మన్. ఏమవుతుందో నేను రాయను. ఆ ఆలోచన వస్తే అన్నం దిగదు.

వారం వారం బస్సెక్కి వచ్చేదానివి. నెల దాటింది, మొహం చూపించలేదు. నాకు తెలుసులే, ఏమీ అననులే.

మల్లేశ్వరి

*

ఆదోని,
ఏప్రిల్ 4

వదినకు,

"ఏమీ అననులే" అని రాసి నువ్వు అన్నదే ఎక్కువ. పెళ్ళిళ్ళ కాలం, మిషను దగ్గర నుంచి లేస్తే ఒట్టు. ఒక పెళ్ళికూతురికి పదకొండు జాకెట్లు, ఒక్కో దానికి ఒక్కో రకం వీపు. దేవుడు అందరికీ ఒకే వీపు ఇచ్చాడన్న సంగతి ఈ పిల్లలకు ఎవరు చెప్తారు? అందుకే రాలేకపోతున్నాను, ఇంకేమీ లేదు.

నీ కొయ్యపీట సంగతి మా సందులో ఎవరికీ చెప్పలేదు, ఒక్క ఆరుగురికి తప్ప. మా అన్న తలుపు వెనక కట్టె పెట్టుకొని కాపలా కాస్తుంటే నాకు మా అమ్మ గుర్తొచ్చింది. వడియాలు ఎండబెట్టి కాకుల కోసం అట్లాగే కూర్చునేది. నువ్వు వడియంలా కూర్చుంటావు, ఆయన కాపలా. బాగుంది సంసారం.

బిడ్డకు నీళ్ళు పోయనంటే మాత్రం నేను ఒప్పుకోను. మా పెద్దోడికి నువ్వే పోశావు. వాడి ముక్కు ఇంత చక్కగా ఉందంటే నీ చేతి చలవేనని నేను ఇప్పటికీ అందరికీ చెప్తాను. ముట్టుకున్నవాళ్ళకు ఏమీ కాదు వదినా. కర్నూలు డాక్టరు చెప్పాడు, నర్సు చెప్పింది, కాగితంలో కూడా ఉంది.

దీని కింద ఒక వాక్యం కొట్టేశాను. అక్షరాలు కుదరలేదు, అంతే. ఆ కొట్టివేత మీద పడి ఆరా తీయొద్దు.

బొరుగుల ఒగ్గాణి, మిరపకాయ బజ్జీ చేసుకున్నప్పుడల్లా నువ్వే గుర్తొస్తున్నావు. బజ్జీలు రెండు ఎక్కువ మిగులుతున్నాయి కాబట్టి.

ఉరుకుందమ్మ

*

ఎమ్మిగనూరు,
మే 27

ఉరుకుందకు,

కవిత వచ్చి పది రోజులైంది. కడుపు ముందుకొచ్చి, నడుము మీద చెయ్యి పెట్టుకొని నడుస్తుంటే అచ్చం నువ్వు మా ఇంట్లో పురుడు పోసుకున్నప్పటి మాదిరే ఉంది. తిండి విషయంలోనూ నీ పోలికే. మామిడికాయ కారం డబ్బా ఇప్పటికే సగానికి దిగింది.

పోయిన వారం కర్నూలు పోయి మిషను చూపించుకొని వచ్చాము. ఛాతీ మీద ఏదో పెట్టి, లైన్‌మన్ డైరీ అంతా తెర మీద చదివారు. ఫిబ్రవరిలో మీ ఇంట్లో తప్ప ఆయనకు మళ్ళీ పని పడలేదట. డాక్టరు "పో తల్లీ, మామూలుగా బతుకు" అన్నాడు. ఇంటికొచ్చి మళ్ళీ పీట మీద కూర్చున్నాను. మామూలుగా బతకడం ఎట్లా మొదలుపెట్టాలో మరిచిపోయాను.

మొన్న ఒకటి జరిగింది. నేను పీట మీద కూర్చొని కందులు ఏరుతున్నాను. కవిత వెనకనుంచి వచ్చి నా ఒళ్ళో తల పెట్టబోయింది, చిన్నప్పటి అలవాటు. పక్కనే ఉన్న కట్టెతో దాని భుజాన్ని తోసేశాను. ఆలోచించి చేయలేదు, చెయ్యి దానంతటదే చేసింది. అది లేచి నిలబడి నా వైపు చూసింది. "అమ్మా, నేనేమన్నా కుక్కనా? కట్టెతో తోస్తాండావే!" అంది. తర్వాత లోపలికి పోయి ఏడ్చింది. నేను ఇక్కడ ఏడ్చాను. మధ్యలో మీ అన్న రెండు గదులకూ మంచినీళ్ళు మోశాడు, చెప్పులు వేసుకొని.

నాకు దిగులుగా ఉంది. మిషను పెట్టింది నేను చావకుండా ఉండటానికి. చావలేదు. కానీ ఉన్నానా అంటే, ఈ ఇంట్లో నన్ను తాకిన మనిషి లేక మూడు నెలలు దాటింది.

నువ్వు కొట్టేసిన వాక్యాన్ని కిటికీ వెలుతురుకు పెట్టి చూశాను. వద్దన్న పని చేయకపోతే నేను మల్లేశ్వరినే కాదు. "నాకు తెలుసు, ఎందుకంటే" అని ఉంది. ఎందుకంటే తర్వాత ఏముంది?

మల్లేశ్వరి

*

ఆదోని,
జూన్ 16

వదినకు,

బడులు తెరిచారు. యూనిఫారాలు గుట్టగా పడి ఉన్నాయి. కవితను జాగ్రత్తగా చూసుకో. ఆ వాక్యంలో ఏమీ లేదు. ఏదో రాయబోయి మరిచిపోయాను.

ఉరుకుందమ్మ

*

ఎమ్మిగనూరు,
జూలై 15

ఉరుకుందకు,

ఫోనులో మీ అన్న చెప్పే ఉంటాడు. పదకొండో తారీఖు కవితకు ఆడపిల్ల పుట్టింది. తల్లీ బిడ్డా కులాసా. పిల్ల రంగు తండ్రిది, గొంతు మేనత్త అమ్మమ్మది, అంటే నీది. ఏడిస్తే సోమప్ప సర్కిల్ దాకా వినిపిస్తుంది.

ముందు నీ పోయిన ఉత్తరం సంగతి. నాలుగు ముక్కలు రాశావు, ఒక్కదాంట్లోనూ ఎకసక్కెం లేదు. ఎకసక్కెం లేని నీ ఉత్తరం ఉప్పు లేని సంగటి మాదిరి ఉంది. ఒంట్లో బాగాలేదా? వాక్యం గురించి అడిగితే అంత కోపమెందుకు? గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టుంది.

బిడ్డకు నీళ్ళు పోయడానికి వెనక వీధి భీమక్కను పిలిచాము. ఆమె మంచిదే కానీ బిడ్డను పట్టుకోవడం చూస్తే సొరకాయను కడుగుతున్నట్టుంటుంది. నేను అవతలి గోడ దగ్గర నా పీట మీద కూర్చొని, "మెడ కింద చెయ్యి పెట్టు, చెవిలోకి నీళ్ళు పోతాండాయి, కాలు లాగొద్దు" అని అరుస్తాను. నిన్న ఆమెకు విసుగొచ్చింది. "అక్కా, ఆడ కూర్చోని అరిసేదానికంటే ఈడికొచ్చి నువ్వే పోయరాదూ?" అంది. మీ అన్న దగ్గాడు. కవిత గోడ వైపు తిరిగింది. నేను లేచి పెరట్లోకి పోయి, ఆరిన బట్టలనే మళ్ళీ ఆరేశాను.

నాలుగు రోజులైంది. ఇంకా ఆ బిడ్డను నేను ముట్టుకోలేదు. దూరం నుంచి కాళ్ళు చూశాను. రెండో వేలు పొడుగు, మా అమ్మ కాలి మాదిరి.

శ్రావణం వచ్చాక, ముప్పై ఒకటిన పేరు పెడతాము. భూమిక అని అనుకుంటున్నాము. మేనత్త అమ్మమ్మవు, నువ్వు రాకుంటే ఎట్లా? నీకు మళ్ళీ ఏమైనా అవుతుందని భయమైతే నాకు దూరంగా కూర్చో. నేనేమీ అనుకోను, నిజంగానే.

మల్లేశ్వరి

*

ఆదోని,
జూలై 19

వదినకు,

"నీకు మళ్ళీ ఏమైనా అవుతుందని" అని రాశావు. మళ్ళీ అనే మాట దగ్గర ఆగిపోయాను. నిన్నంతా ఒక్క కుట్టూ వేయలేదు. ఇక దాచుకోవడం నా వల్ల కాదు.

ఫిబ్రవరిలో ఆ రోజు నువ్వు మా ఇంట్లో కిటికీ పక్కన నిలబడ్డావు. నీ ఎడమ చెయ్యి నా చేతిలో ఉంది. టేపు భుజం మీద పెట్టి కిందికి లాగుతున్నాను. నువ్వు "కళ్ళు తిరుగుతాండాయి మే" అని గోడకు ఆనుకొని కూలబడ్డావు. నేనూ నీతోపాటు కూర్చుండిపోయాను. అప్పుడు లైన్‌మన్ కొట్టాడు. నీ ఒళ్ళంతా ఎగిరిపడింది. నీ చెయ్యి అప్పుడు కూడా నా చేతిలోనే ఉంది వదినా. రెండు చేతులతో పట్టుకొని ఉన్నాను. నాకు ఏమీ కాలేదు. నీ చెయ్యి అదిరితే నా చెయ్యి కదిలింది, అంతే. చీమ కుట్టినంత కూడా లేదు. కొట్టేసిన వాక్యం ఇదే. నాకు తెలుసు, ఎందుకంటే నేను పట్టుకొని ఉన్నాను.

తర్వాతిది రాయడానికి సిగ్గుగా ఉంది. నువ్వు కేకవేసి తల వాల్చేశావు. చచ్చిపోయావనుకున్నాను. చెయ్యి వదిలేసి పరిగెత్తాను. ఆటో కోసం కాదు. గేటు దాటి, సందు చివర జామకాయల బండి దాకా పోయాను. నా వదిన నేల మీద ఒంటరిగా పడి ఉంటే నేను జామకాయల పక్కన నిలబడి వణికాను. బండి ఆమె "ఏమైంది అక్కా?" అని అడిగితే, అప్పుడు నోటికొచ్చింది ఆటో అనే మాట. తిరిగొచ్చేసరికి నువ్వు లేచి కూర్చొని చెమట తుడుచుకుంటున్నావు. ఎంత చురుగ్గా ఆటో తెచ్చిందో అని అందరూ నన్ను మెచ్చుకున్నారు. మా అన్న నాకు చేతులెత్తి మొక్కాడు. ఆ మొక్కు నేను మింగేశాను.

ముట్టుకుంటే ఏమీ కాదని నీకు చెప్పాలంటే, నేను పట్టుకొని ఉన్నానని చెప్పాలి. పట్టుకొని ఉన్నానంటే, మరి ఎందుకు వదిలావని నువ్వు అడుగుతావు. అందుకే జాకెట్టు పంపాను, జోకులు రాశాను, రాలేదు. నా పరువు కోసం నిన్ను ఐదు నెలలు పీట మీద కూర్చోబెట్టాను. నువ్వు కవితను కట్టెతో తోశావని చదివిన రోజే చెప్పాల్సింది. అప్పుడూ యూనిఫారాల మీదికి నెట్టేశాను.

నన్ను తిట్టు. పేరు పెట్టే రోజు రావద్దంటే రాను. కానీ బిడ్డను ఎత్తుకో.

ఉరుకుంద

*

ఎమ్మిగనూరు,
జూలై 25

ఉరుకుందకు,

నీ ఉత్తరం సోమవారం సాయంత్రం వచ్చింది. చదివాను. కోపం వచ్చింది. మడిచి బియ్యం డబ్బాలో ఫోను పక్కన పడేశాను. మళ్ళీ తీసి చదివాను. అట్లా మూడుసార్లు. నాలుగోసారి మీ అన్న, "అది బయటే ఉండనీ, వంటకు బియ్యం కావాల" అన్నాడు.

ఇక నా వంతు. నువ్వు పరిగెత్తడం నేను చూశాను. నా కళ్ళు పూర్తిగా మూతపడలేదు. నీలం చీర కుచ్చిళ్ళు పైకెత్తి, ఒక చెప్పు వదిలేసి నువ్వు గేటు దాటావు. యాభై ఏళ్ళ మనిషి అంత వేగంగా పరిగెత్తగలదని నాకు ఆ రోజే తెలిసింది. భయంతో పారిపోయావని నాకు ఒక్క క్షణం కూడా తోచలేదు. నా కరెంటు నీకు కొట్టిందని, తట్టుకోలేక పరిగెత్తావని అనుకున్నాను. తర్వాత నువ్వు ఎవరికీ చెప్పకపోతే, నా మనసు నొచ్చుకుంటుందని దాచావనుకున్నాను. రావడం మానేస్తే, పాపం దానికి మళ్ళీ తగులుతుందని భయం, నోరు తెరిచి చెప్పదు, ఎంత మంచిదో అనుకున్నాను. డాక్టరు నూరుసార్లు చెప్పినా నేను నమ్మింది నా కళ్ళను. అందుకే ఆ కట్టె, ఆ చెప్పులు. ఉరుకుందమ్మ అంత మంచిదని నమ్మినందుకు నాకు తగిన శాస్తే జరిగింది.

నేనైనా అడగాల్సింది, నీకు తగిలిందా అని. అడిగితే అవునంటావేమోనని భయపడ్డాను. ఐదు నెలలు ఇద్దరం ఒకరికొకరం నోరు కుట్టుకున్నాము. అందులో నీ కుట్టే గట్టిది, నువ్వు టైలర్‌వి.

మంగళవారం పొద్దున భీమక్క వచ్చేసరికి పీట తెచ్చి నీళ్ళు పోసే బండ పక్కన వేశాను. కూర్చొని కాళ్ళు చాపాను. కవిత బిడ్డను తెచ్చి నా ముందు నిలబడి, ఇవ్వాలా వద్దా అని చూస్తోంది. "ఇయ్యి మే" అన్నాను. నా కాళ్ళ మీద పడుకోబెట్టింది. వెచ్చగా ఉంది ఉరుకుందా. ఇంత మాత్రమే ఉంది.

మీ అన్న అలవాటుకొద్దీ కట్టె పట్టుకొని వచ్చి నిలబడ్డాడు. "అది పొయ్యిలో పెట్టి చెంబు తీసుకోని రా" అన్నాను. నూనె రాశాను. శనగపిండి పూశాను. నీళ్ళు చేత్తో ముట్టి చూసి పోశాను. నా గుండె దడదడా కొట్టుకుంది. ఒక్కో చెంబుకూ లైన్‌మన్ లేస్తాడేమోనని చూశాను. లేవలేదు. లేచినా బిడ్డకు ఏమీ కాదని ఇప్పుడు నాకు తెలుసు, ఎందుకంటే నువ్వు పట్టుకొని ఉన్నావు. బిడ్డ ముందు సోమప్ప సర్కిల్ దాకా ఏడ్చింది, తర్వాత అలిసిపోయి నా కాళ్ళ మీదే నిద్రపోయింది. నిద్రపోయే ముందు నా చీరంతా తడిపింది. భీమక్క సాంబ్రాణి పొగ వేస్తూ, "ఇన్నాళ్ళూ నన్నెందుకు అరిసినావు అక్కా?" అంది. కవిత వెనకనుంచి వచ్చి నా భుజం మీద తల పెట్టుకుంది, ఎడమ భుజం మీదనే. నేను తోయలేదు.

భయం పోయిందని అబద్ధం రాయను. బిందె దగ్గర ఇంకా ఆగుతాను, మెట్ల దగ్గర ఇంకా ఆగుతాను. లైన్‌మన్ మళ్ళీ ఎప్పుడో ఒకప్పుడు స్తంభమెక్కుతాడు. ఎక్కితే ఎక్కనీ, ఆయన పనే అది. ఫోను బయటికి తీశాను. బియ్యానికి పురుగు పట్టలేదు, ఛార్జింగు పెట్టి చూస్తే ఫోనులో నువ్వు చేసిన ముప్పై ఆరు కాల్స్ ఉన్నాయి. అయినా ఈ ఉత్తరం రాస్తున్నాను. ఎందుకంటే ఫోనులో నిన్ను తిడితే నువ్వు మధ్యలో పెట్టేస్తావు.

ముప్పైన సాయంత్రం బస్సుకు రా. నువ్వు జామకాయల బండి దాకా పోయావు, నిజమే, కానీ వెనక్కి కూడా వచ్చావు. వస్తూ వస్తూ టేపు తెచ్చుకో. ఆ రోజు సగంలో వదిలిన చెయ్యి ఇక్కడే ఉంది. ఈసారి లైన్‌మన్ లేచినా సరే, కొలత పూర్తయ్యేదాకా వదలొద్దు.

నీ వదిన,
మల్లేశ్వరి